హాఫ్‌టైమ్‌లో అటువైపు

రెఫరీ మామ పోయారని పోయిన వారం ఒకరోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. తమిళనాడులో మా హోసూరు పక్కన బేరిగైలో బట్టల కొట్టు ఆయనది. చుట్టరికం లేకపోయినా మా అందరికీ మామే. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి, నల్ల నిక్కరు తొడుక్కుని హోసూరు మైదానానికి వచ్చి ఫుట్‌బాల్ ఆటలు నడిపించేవారు. అంత లావు మనిషి అంత పరుగు ఎలా తీసేవారో నాకిప్పటికీ తెలియదు.

మాది ఊరివాళ్ల టీం. ఎదుటి టీంలో ఎక్కువమంది ఫ్యాక్టరీ పనులకు వచ్చిన జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు. నేను ఆడేవాణ్ణి కాదు, గట్టున కూర్చుని అరిచేవాణ్ణి. మా గుంపు గోడ నీడన, వాళ్ల గుంపు ఎదురెండలో. ఇంకెక్కడా లేని నియమం ఒకటి మామ పెట్టారు. హాఫ్‌టైమ్‌లో టీములతో పాటు చూసేవాళ్లూ వైపు మారాలి. మారేదాకా విజిల్ ఊదేవారు కాదు. సంచీలు, నీళ్ల బాటిళ్లు ఎత్తుకుని, గొణుక్కుంటూ మైదానం మధ్యలో ఒకరికొకరు ఎదురుపడి వెళ్లేవాళ్లం. అటు కూర్చున్నాక ఎండ కళ్లలో కొట్టేది. అప్పటిదాకా వాళ్లెందుకంత విసుగ్గా ఉన్నారో తెలిసేది.

ఒకసారి మేం ఓడిపోతుంటే మావాళ్లు మీ ఊరికి పోండిరా అని వాళ్లమీద అరుపులు మొదలెట్టారు. మామ ఆట ఆపి, ఆయాసపడుతూ మా దగ్గరికి వచ్చారు.

"నన్నూ వందేరి అంటారప్పా, యాడినుంచో వచ్చి చేరినోడని. మా తాత ఈడనే పుట్టినాడు. మీరూ తెలుగోళ్లే, మిమ్మల్నీ అంటారు. అనిపించుకున్నోళ్లమే ఇంకొకర్ని అంటే, ఇంక యాడికి పోయి చెప్పుకునేది?"

వెనక్కి వెళ్లి విజిల్ ఊదారు. ఆట సాగింది. మేం ఓడిపోయాం.

నిజం చెప్పాలంటే నేను అలసిపోయాను. టీవీలో పెద్ద పెద్ద ఆటలు చూసినా ఇదే గోల. గోలు కొడితే మనవాడు, పెనాల్టీ తప్పితే పరాయివాడు. మామకు మాత్రం విసుగు రాదా అని అడిగాను ఒకరోజు. "నాకూ యాష్టగానే ఉందప్పా. అట్లని వచ్చే ఆదివారం విజిల్ ఎవరు ఊదుతారు?" అన్నారు.

ఆ మధ్య మైదానం కమిటీవాళ్లు ఇకమీద బయటివాళ్లకు ఆట లేదన్నారు. మామ విజిల్ తీసి వాళ్ల బల్లమీద పెట్టేసి, అందరికీ లేని ఆట తనకూ వద్దన్నారు. ఆయన ఉన్నన్నాళ్లు పాత పద్ధతే కానిద్దామని వాళ్లు వెనక్కి తగ్గారు. ఇప్పుడాయన లేరు. ఆ కుర్రాళ్లను ఇంకెన్ని ఆదివారాలు రానిస్తారో తెలియదు.

మొన్నటి ఆటకు కొత్త రెఫరీ వచ్చాడు. హాఫ్‌టైమ్‌లో వైపు మారమని ఎవరినీ అడగలేదు. మావాళ్లు హాయిగా నీడలోనే కూర్చున్నారు. అటువైపు వాళ్లు మాత్రం సంచీలు సర్దుకుని లేచారు. మైదానం మధ్యదాకా వచ్చి, మేం కదలకపోవడం చూసి, అక్కడే ఎండలో ఆగిపోయారు. మాకోసం ఎదురుచూస్తూ.

నేను నీళ్ల బాటిల్ తీసుకుని లేచాను. వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూసే ఓపిక లేదు. వాళ్ల వైపు నడిచాను.