లూజు పెట్టకూడని కొలత

వనపర్తిలో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. ఆ రోజు పెళ్లివాళ్ల రవికలు కుడుతూ మధ్యలో లేచి వెళ్తే, విరేచనంలో రక్తం కనిపించింది. రోజంతా కూర్చునే పని కదా, మొలలేమో అనుకున్నాను. కారం మానేసి, మజ్జిగ తాగి నెట్టుకొచ్చాను. ఒళ్లు తగ్గుతూ పోయేసరికి మా అత్తమ్మ ఊరుకోలేదు. "ఏంది బిడ్డా, గిట్ల ఎండిపోతున్నవ్? దవాఖానకు పోదాం పా" అని లాక్కెళ్లింది.

కొలనోస్కోపీ, బయాప్సీ, స్కాన్ హైదరాబాదులో అయ్యాయి. రెక్టమ్, అంటే మలాశయం, క్యాన్సర్ అన్నారు. ముందు రేడియేషన్, తర్వాత ఆపరేషన్.

"గడ్డ బాగా కిందికి ఉందమ్మా. మలద్వారం కూడా తీసేయాలి. ఇక పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి ద్వారం పెడతాం, దాన్ని స్టోమా అంటారు. విరేచనం అందులోంచే. దానికి తగిలించే బ్యాగ్ పర్మినెంట్" అన్నారు డాక్టర్.

నాకు చావు భయం కన్నా సిగ్గే ఎక్కువైంది. ఆడవాళ్లు వచ్చి దగ్గరగా నిలబడి కొలతలిచ్చే ఇల్లు మాది. వాసన వస్తే? ఒక్కరైనా మా గడప తొక్కుతారా? ఆపరేషన్ వద్దని మొండికేశాను.

"ముందుగాల బతుకు. సిగ్గు సంగతి తర్వాత సూస్కుందాం" అంది అత్తమ్మ. ఆ మాటకే ఒప్పుకున్నాను.

ఆపరేషన్ తర్వాత నర్సు బ్యాగ్ మార్చినప్పుడల్లా గోడవైపు తిరిగేదాన్ని. "ఒక్కసారి చూడమ్మా, నీ ఒళ్లే కదా" అందామె. చూశాను. ఎర్రగా, తడిగా, నోట్లో నాలుకలా ఉంది. ఓసి, ఇంతేనా! దీనికా ఇన్నాళ్లు ఏడ్చింది?

ఇంటికొచ్చాక నేనే మార్చుకున్నాను. బ్యాగ్ నిలిచేందుకు పొట్టకు అంటించే ప్లేటుకు స్టోమా అంత రంధ్రం కత్తిరించాలి. కత్తెర పట్టడం నాకొకరు చెప్పాలా? చెయ్యి అలవాటు కొద్దీ కాస్త లూజు వదిలాను. ఇంకేముంది, ఆ సందులో మలం తగిలి చర్మమంతా పుండ్లు. ఒకటే మంట.

"మంది రవికెలు మంచిగ కుడ్తవు, నీ పొట్టకాడ గిట్ల జేస్తివా?" అని అత్తమ్మ నవ్వింది. కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటూనే నేనూ నవ్వాను.

చెకప్‌లో నర్సు తిట్టింది. "ఇది బట్ట కాదమ్మా, లూజు ఉండొద్దు. పైగా వాపు తగ్గుతూ స్టోమా చిన్నదవుతుంది. పాత కొలత నమ్ముకోవద్దు."

ఆ రోజు నుంచి పాత ఒంటిని తలుచుకుని కుమిలిపోవడం తగ్గించాను. ఈ ఒళ్లు ఇవాళ ఎలా ఉందో అదే చూసుకుంటున్నాను. మనసు తేలికపడింది. మొన్నటి స్కాన్ కూడా శుభ్రంగా వచ్చింది, హమ్మయ్య! కొత్తగా స్టోమా పెట్టించుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి నెలల్లో ప్లేటు కత్తిరించే ముందు ప్రతిసారీ కొలుచుకోండి.

మళ్లీ మిషనెక్కాక మొదట వచ్చింది పక్క వీధి రజియా. ఆమె భుజం కొలుస్తుంటే, గాలి చేరి నా బ్యాగ్ గుర్రుమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంది అక్కా, తిన్లేదా? జర తిని రాపో, నేను కూసుంట" అంది.

దాచలేక ఉన్నదంతా చెప్పేశాను. రజియా నా పొట్టవైపోసారి, ముఖంలోకోసారి చూసింది.

"గంతేనా అక్కా? నేనేమో ఆకలైతుందనుకున్న. మరి శుక్రవారం కల్లా రవికె ఇస్తవా లేదా?"