బాపు గడ్డానికి వేరే సబ్బు

నా చిన్నప్పుడు బోధన్‌లో మా బాపు గడ్డానికి ఒక సబ్బు, తతిమ్మా వాళ్ల గడ్డాలకు ఇంకో సబ్బు ఉండేవి. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు వచ్చే దారిలో ఒక కటింగ్ షాపు ఉండేది. బాపు శనివారం సాయంత్రం అక్కడ గడ్డం గీయించుకుని ఆదివారం చర్చికి వచ్చేవాడు. నేనూ వెంట పోయేదాన్ని. షాపు ముందరి గదిలో పెద్ద అద్దం, తిరిగే కుర్చీ, గిన్నెలో చందనం సబ్బు ఉండేవి. బాపు మాత్రం వెనక రేకుల కింద గోనెపట్టా మీద కూర్చునేవాడు. అక్కడ కత్తి వేరు, బ్రష్షు వేరు, సబ్బు వేరు. సబ్బంటే ఎర్రటి బట్టల సబ్బు ముక్క. దాని నురగ ఇట్లా లేచి అట్లా చచ్చేది. వాసన సోడా వాసన.

మనకు వేరే సబ్బెందుకని ఒకసారి అడిగాను. బాపు నవ్వి, తన గడ్డం మొండిదని, చందనం సబ్బుకు లొంగదని చెప్పాడు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, మా వాడ పిల్లల దగ్గర మా బాపు గడ్డం గురించి గొప్పలు కూడా పోయాను. మాది ఊరివాళ్లు అంటరానిదనే వాడ. తరం కిందటే చర్చిలో చేరాం. దేవుడు మారాడు గానీ ఊరు మారలేదు. ఆ సంగతి నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలియనివ్వలేదు.

మా అమ్మ తండ్రి, మా తాతయ్య, నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కాంపౌండర్. కోటు వేసుకునే మనిషి. గడ్డం సబ్బుల విషయంలో ఆయనకు మహా పట్టింపు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పెట్టెలో రెండు మూడు రకాలు తెచ్చి, పీట మీద పెట్టి, నాతో నురగ తీయించేవాడు. వేప సబ్బు నురగ పలుచన, కానీ కత్తి తగిలినా మంట ఉండదు. కడ్డీలా ఉండే సబ్బు నురగ బాగానే ఇస్తుంది, వాసన మాత్రం మందు సీసాది. చందనం సబ్బుదే అసలు నురగ. మా బావి ఉప్పునీళ్లలో కూడా వెన్నలా నిలబడేది. వేలితో గీత గీస్తే చాలాసేపు చెరిగేది కాదు. కళ్లు మూసి వాసన పట్టమంటే నేను ఒక్కసారీ తప్పు చెప్పలేదు. తాతయ్య మురిసిపోయేవాడు.

నాకు ఎనిమిదేళ్లు వచ్చిన ఏడు తాతయ్య చెయ్యి వణకడం మొదలైంది. క్రిస్మస్ నాడు మా చర్చిలో వాక్యం చదివే పని ఆయనకు అప్పజెప్పారు. నెల ముందు నుంచే పైకి చదువుకుంటున్నాడట. పండుగ ముందు రోజు మా ఇంటికి వచ్చి గడ్డం గీసుకుందామని కూర్చుంటే కత్తి నిలవలేదు. చెరుకు గానుగ ఆడే కాలం కాబట్టి బాపు ఫ్యాక్టరీలో ఉన్నాడు. అమ్మ బట్టలు ఉతకడానికి పోయింది. "మీ బాపు ఏడ గీయించుకుంటడో సూపియ్యి బిడ్డా" అన్నాడు తాతయ్య. లోకం తెలియని మనిషి కాదు. అల్లుడు వారం వారం పోతున్నాడు కాబట్టి ఆ షాపులో అంటరానితనం పట్టింపు లేదనుకున్నాడు.

కోటు చూడగానే షాపాయన "రాండి సార్" అని తిరిగే కుర్చీ దులిపాడు. చందనం సబ్బు కలిపాడు. ఒక చెంప గీయడం అయింది. తాతయ్య అద్దంలో నన్ను చూసి, రెండో చెంప మీద నురగ చూపిస్తూ "సూసినవా, ఎట్ల నిలవడ్డదో" అన్నాడు.

నాకున్న తెలివంతా ఒలకబోశాను. "మా బాపుకు గిది పెట్టడు తాతా! ఎన్కకు కూసోవెట్టి ఎర్ర సబ్బు పెడ్తడు. మా బాపు గడ్డం మొండిది గద!"

కత్తి ఆగింది. బెంచీ మీద పేపరు చదువుతున్న ఇద్దరు తలెత్తారు. మీ బాపు ఎవరని షాపాయన అడిగాడు. నేను పేరు చెప్పాను, ఫ్యాక్టరీలో ఏ పని చేస్తాడో చెప్పాను, ఏ చర్చికి పోతామో కూడా చెప్పాను. చర్చి పేరు చెబితే వాడ పేరు చెప్పినట్టే.

ఆయన అరవలేదు. బెంచీ వైపు చూసి, "ఎన్కకు రా పెద్దాయనా, మిగిలింది ఆడ గీస్త" అన్నాడు. అదే కోటు, అదే మనిషి, సార్ అన్న మాట మాత్రం ఎగిరిపోయింది. ఇక్కడే పూర్తి చేయమని తాతయ్య అడిగాడు. "నా చేతుల లేదు. వీళ్లు లేసిపోతే నా షాపు మూతవడ్తది" అన్నాడు షాపాయన. నిజమే కావచ్చు. అయినా నేను ఆయన్ని క్షమించలేదు. ఎందుకంటే ఆ మాట అంటూనే గిన్నెలోని చందనం సబ్బు తీసి, మా కళ్ల ముందే మోరీ కాలవలో పారేశాడు.

తాతయ్య తన రుమాలుతో నురగ తుడుచుకుని లేచాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లటి గడ్డంతో బజారంతా నడిచి వచ్చాడు. నేనేం తప్పు చేశానో నాకు తెలియలేదు. చేశానని మాత్రం తెలిసింది.

బాపు పని దిగి రాగానే తాతయ్య అడిగాడు, నీకు ఎరికేనా అని. "ఎరికే మామా" అన్నాడు బాపు. పిల్లకెందుకు చెప్పలేదంటే, "చిన్నపిల్ల. ఎట్ల చెప్పాలె?" అన్నాడు. "నువ్వు చెప్పకుంటే అదే చెప్పింది, అందరి ముందట" అన్నాడు తాతయ్య.

మిగతా గడ్డం తానే గీస్తానని బాపు బతిమాలాడు. తాతయ్య ఒప్పుకోలేదు. మర్నాడు చర్చిలో వాక్యం ఇంకెవరో చదివారు. తాతయ్య శాలువా మొహానికి చుట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. బాపు మాత్రం తర్వాతి శనివారం ఆ రేకుల కిందికే పోయాడు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేను తల్లినయ్యాక నా పిల్లలు అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాను, ఏడ్చినా సరే చెప్పాను. చాలా ఏళ్లకు బాపు మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని, ఆ అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"నువ్వు ఏడుస్తవని గాదు బిడ్డా. నిజం ఎరికైతే నన్ను ఎట్ల సూస్తవో అని బుగులైంది" అన్నాడు.

ఆయన భయపడిందే జరిగింది మరి. ఆ క్రిస్మస్ తర్వాత బాపు గడ్డం గీయించుకుని ఇంటికి వస్తే నేను మొహం తిప్పుకునేదాన్ని. అది ఆయన చూశాడు. సిగ్గుపడాల్సింది ఆ షాపాయన, ఆ బెంచీ మీద వాళ్లు. నేను మాత్రం మా బాపును చూసి సిగ్గుపడ్డాను.