బాబాయి సగంలో వదిలిన అంచు

భవానీపురంలో మా బాబాయి దగ్గర టీవీకి తగిలించుకునే పాత కంప్యూటర్ ఒకటుండేది. కీబోర్డే కంప్యూటర్; లోపల ఒక ప్రాసెసర్, బయట బోలెడు గౌరవం. చేనేత కుటుంబం కదా, బాబాయి దాని మీద చీర అంచులు గీసి క్యాసెట్‌లో దాచేవాడు. ఆ క్యాసెట్ మళ్ళీ వేస్తే కీచుమని అరిచేది. దాన్ని సంగీతంలా వినగలిగిన మనిషి ఆయనొక్కడే.

దసరాకి మగ్గానికి పసుపు కుంకుమ పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఒక ఏడాది బాబాయి కంప్యూటర్ కూడా పనిముట్టేనన్నాడు. మూత మీద పెడితే సరిపోయేది. పని చేసేది లోపలుందని మూత విప్పి, ప్రాసెసర్‌కే తడి పసుపు పూశాడు. దాని కాళ్ళకు చిలుము పట్టింది. భక్తితో చచ్చిన ప్రాసెసర్ బహుశా అదొక్కటే. అలాంటిది మళ్ళీ దొరకలేదు.

బాబాయి పోయాక పిన్ని నన్ను ఒక్కటే అడిగింది.

"మీ బాబాయి గీసిన ఆ చివరి అంచు ఒక్కసారి కనపడుద్దేమో చూడరా."

ఆ ప్రాసెసర్ చేసిన పనంతా ఇప్పుడు గోరంత మైక్రోకంట్రోలర్ చిప్పు చేసేస్తుంది. కొట్టువాడు దాన్ని చిల్లరకి బదులిచ్చే చాక్లెట్‌లా కవర్లో పడేసి ఇచ్చాడు. అందులో పాత కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్ ఎక్కించి, టేప్ రికార్డరుకీ టీవీకీ కలిపాను.

కీచు మొదలవగానే పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడింది. తెర మీద మామిడి పిందెల వరస ఒక్కో గీతా దిగి, సగంలో ఆగిపోయింది. టేపు పాడైందనుకున్నాను. తుడిచాను, తిప్పాను, చివరికి రికార్డరుని నాలుగు తట్టాను. నా ఇంజినీరింగ్ అక్కడిదాకే. ప్రతిసారీ అదే పిందె దగ్గర ఆగింది.

"దాన్ని కొట్టమాకురా," అంది పిన్ని. "అక్కడికే గీశారు. అన్నానికి లెమ్మని నేనే పోరు పెట్టాను. పొద్దున చేస్తానని దాచి లేచారు. తెల్లారితే దసరా."

రికార్డరు మీంచి చెయ్యి తీసేశాను.

"ఆ పూట కూరేంటి పిన్నీ?"

"గుత్తొంకాయ."

"అయితే నీ తప్పేం లేదు. ఎవరైనా లేస్తారు."

నవ్వింది. టీవీ ఆపబోతే "ఉండనీ" అని, దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది.

"పొడిదే పెట్టు పిన్నీ. చిప్పు మళ్ళీ పోద్ది."

"చిప్పుకి కాదులే," అని వేలు తడుపుకుని, ఆగిన పిందె పక్కన, తెర మీది ఖాళీలో బొట్టు పెట్టింది.

ఇప్పుడు మా పిన్ని టీవీలో వార్తలు చదివే ఆవిడకి రోజూ బుగ్గ మీద బొట్టుంటుంది. ఎవరం తుడవలేదు.