బొట్టు పెట్టిన బ్రేక్ ఆయిల్ సీసా

మొన్న సోమవారం పొద్దున మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మా అమ్మాయి ఆఫీసుకు బయలుదేరుతుంటే, కారు కొని ఏడాదైనా దాని బానెట్ ఒక్కసారి కూడా ఎత్తలేదని మాటల్లో తెలిసింది. ఏదైనా తక్కువైతే లైటు వెలుగుతుందమ్మా అని నవ్వింది కానీ, నా పోరు పడలేక ఎత్తి చూపించింది. ఓ మూలన బ్రేక్ ఆయిల్ పోసే పాలరంగు చిన్న డబ్బా, దాని మీద పైన ఒక గీత, కింద ఒక గీత. ఎన్నేళ్లకో ఎదురైన చుట్టాన్ని చూసినట్లయింది నాకు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు ఒకటొకటిగా లేస్తున్న రోజులవి. మేము నానక్‌రామ్‌గూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన ఒక కంపెనీకి బండి నడిపేవారు. రోజూ పొద్దున్నే మియాపూర్ హాస్టళ్ల దగ్గర ఆరుగురు అమ్మాయిలను ఎక్కించుకొని ఆఫీసులో దింపాలి. ఆయన స్నానం చేసి తయారయ్యేలోగా బండి చూసే పని నాది. టైర్లు, నీళ్లు అయ్యాక చివరికి బ్రేక్ ఆయిల్. మూత తీసేముందు చుట్టూ గుడ్డతో తుడవాలని, దుమ్ము రవ్వ కూడా లోపల పడకూడదని, ఆయిల్ మాటిమాటికీ తగ్గుతుంటే పోసి ఊరుకోకుండా ఎక్కడ కారుతుందో వెతకాలని, అన్నీ ఆయనే నేర్పారు. లోపల గుండీలు పెట్టుకుంటూ “ఎంతుంది?” అని అడిగేవారు. “నడుమ ఉంది” అనేదాన్ని. ఆ మాట వినందే తాళంచెవి ముట్టేవారు కాదు. అక్షరం ముక్క రాని నాకు ఆ రెండు గీతలు చదవగలగడం ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

అయితే వరండా అరలో బ్రేక్ ఆయిల్ సీసా, స్టీరింగ్ ఆయిల్ సీసా పక్కపక్కనే ఉండేవి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే తెల్ల సీసాలు, తేడా అంతా రాతలోనే. అందుకని బ్రేక్ ఆయిల్ సీసాకు కుంకుమ బొట్టు పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే చదువు రాదన్న మాట మళ్లీ వస్తుందని నామోషీ.

ఆ ఏడు దసరాకు మా అత్త వచ్చింది. ఆయుధ పూజ నాడు నేను పొయ్యి దగ్గర ఉంటే, ఆమె బండి మొదలు జాకీ, పానాలు, అరలో సీసాల దాకా తడిగుడ్డతో తుడిచి, దేన్నీ వదలకుండా పసుపు, కుంకుమ పెట్టింది.

పండగ దాటిన మర్నాడు పొద్దున చూస్తే ఆయిల్ కింది గీతను ఆనుకుని ఉంది. అరలో ముందు కనబడిన బొట్టు మీదికే చెయ్యి పోయింది. పోసి, మూత పెట్టబోతూ లోపలికి చూశాను. పులుసు మీద నూనె తేలినట్లు పైన ఇంకేదో తేలుతోంది. తల తిప్పి అర వైపు చూస్తే ప్రతి సీసాకూ బొట్టు ఉంది.

లోపలినుంచి ఎప్పటిలాగే “ఎంతుంది?” అన్నారు. నడుమ ఉందంటే ఆ పూటకు గండం గడిచేది. నిజం చెబితే ఇక బానెట్ జోలికి రానివ్వరేమోనని భయం. కానీ ఆ బండిలో ఎక్కేది ఆరుగురు ఆడపిల్లలు. మా చిన్నదాన్ని చూస్తే కిటికీలోంచి చెయ్యి ఊపే పిల్లలు.

“బండి తియ్యకుండ్రి,” అన్నాను. “వేరే ఆయిల్ పోసిన.”

ఆయన చెప్పులైనా వేసుకోకుండా వచ్చి, తేలుతున్నదాన్ని వేలితో అద్ది రుద్ది చూశారు. వెంటనే తోటి డ్రైవర్‌కు ఫోన్ చేసి పిల్లలను తీసుకెళ్లమన్నారు. మెకానిక్ వచ్చి ఆయిలంతా తీసి, పైపులు కడిగి, రబ్బర్లు మార్చాడు. ఇది ఇట్లాగే నడిచి ఉంటే రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పోయేవన్నాడు. అప్పుడు నేను బొట్టు సంగతి బయటపెట్టక తప్పలేదు.

మా అత్త నోరు నొక్కుకుంది. “బొట్టు లేని సామాను ఉండొద్దని పెట్టిన. దానెనుక ఇంత కత ఉందని నాకేమెరుక బిడ్డా? ఇగ నీ మొగనికి గూడ పెట్టుకో, మారిపోకుండ ఉంటడు.”

ఆయనకు అప్పుడు నవ్వొచ్చింది. సాయంత్రం నల్లరంగు తెచ్చి సీసా మీద ‘బ్రేకు’ అని పెద్దగా రాశారు. “రేపు గూడ నువ్వే చూడాలె. దీన్ని జూసి ఆయిల్ పొయ్యి,” అన్నారు.

నలభైకి దగ్గర పడ్డాక నాకు వచ్చిన మొదటి రాత అది. అందరూ ‘అ’తో మొదలుపెడతారు, నేను వత్తుతో మొదలుపెట్టాను. ఆ తర్వాత రెండో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకమే నా పుస్తకమైంది. అది విసుక్కుంటూ చెబితే నేను తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

మొన్న బానెట్ దించాక పైకి చూస్తే, మోకాళ్ల నొప్పులతో కిందికి దిగలేని మా ఆయన బాల్కనీలో నిలబడి ఉన్నారు.

“ఎంతుంది?”

“నడుమ ఉంది.”

అప్పుడు గాని ఆయన బిడ్డకు వెళ్లమని చెయ్యి ఊపలేదు. ఈ కాలపు లైటు నాలాగా పొరబడదు, మంచిదే. కానీ బయలుదేరే మనిషి కోసం ఒకరు అడగడం, ఇంకొకరు వంగి చూసి చెప్పడం దానికెలా తెలుస్తుంది? కారు మలుపు తిరిగేదాకా ఇద్దరం అలాగే చూస్తూ ఉండిపోయాం, ఆయన పైన, నేను కింద.