బ్రేకు మెత్తబడిందనుకున్నాను

మొదటిసారి తేడా తెలిసింది ఒక మధ్యాహ్నం. బెంగాలీల ఊరు లిలువాలో, మా ఇంటి ముందుగదిలో, నేనే కట్టిన రేసు బండిలో కూర్చుని బ్రేకు తొక్కాను. మెత్తగా దిగిపోయినట్టు అనిపించింది. ముందురోజు దాకా గట్టిగానే ఉండేది. స్ప్రింగు అలిసిపోయిందనుకున్నాను.

రేసు బండి అంటే రోడ్డు మీద తిరిగేది కాదు. మా అమ్మాయి కల్పన సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తుంది. దానికి కార్ల రేసు ఆటంటే పిచ్చి. కంప్యూటర్‌కి తగిలించే స్టీరింగు, పెడల్స్ కొనుక్కొచ్చి బల్లకు బిగించింది. తిప్పితే బల్ల ఊగేది, తొక్కితే పెడల్స్ వెనక్కి జారిపోయేవి. నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఊగే బల్లను చూస్తూ ఊరుకోలేకపోయాను. ఇనప గొట్టాలు కోసి, వెల్డింగ్ చేసి ఫ్రేము కట్టాను. పాత టాక్సీ సీటు తెచ్చి దానికి బిగించాను. ప్లాస్టిక్ బ్రేకు తీసేసి ఇనప రేకుతో కొత్త పెడల్ చేశాను. దాని వెనక స్ప్రింగు, స్ప్రింగు వెనక ఒక రబ్బరు బిళ్ళ. లోపలి సెన్సర్ మాత్రం పాతదే. ఎంత తొక్కితే అంత, తెర మీద ఒక ఎర్ర గీత పైకి లేస్తుంది.

కల్పన ఆఫీసుకు వెళ్ళాక మధ్యాహ్నాలు నేను తోలేవాణ్ణి. చెప్పుల్లేకుండా తొక్కేవాణ్ణి. వట్టి కాలికైతే పెడల్ బాగా తెలుస్తుందని నా నమ్మకం.

"ముసిలోడికి రేసులు కావాలట. అన్నం సల్లారిపోతంది, దిగవయ్యా," అని మా ఆవిడ పైడమ్మ వంటింట్లోంచి అరిచేది.

బ్రేకు మెత్తబడిందని ఇంకో రబ్బరు బిళ్ళ పెట్టాను. కొన్నాళ్ళు బాగుంది. మరుసటి నెల మళ్ళీ మెత్తగా తోచింది, మళ్ళీ ఒకటి పెట్టాను.

"నాన్నా, బ్రేకుకేటీ అవలేదు. నువ్వే పూర్తిగా తొక్కేస్తన్నావు. ఆ గీత సూడు, పైదాకా ఎల్లిపోయింది," అంది కల్పన.

"గీతకేటి తెలుస్తాది? నా కాలికి తెలుసు," అన్నాను.

ఇంకో రెండు నెలలకు, కల్పన తొక్కితే ఆ బ్రేకు దిగడమే మానేసింది. "ఇది బ్రేకా, గోడా?" అంది. "ఆఫీసులో కూకుని కూకుని నీ కాళ్ళల్లో బలం పోనాది," అని నేనే ఎత్తిపొడిచాను.

గుర్తులు ఇంకా ఉన్నాయి. పడుకుంటే అరికాళ్ళలో చీమలు పాకినట్టుండేది. ఒకసారి టీ కొట్టు నుంచి ఒంటిచెప్పుతో వచ్చేస్తున్నాను. కొట్టువాడు "ఓ దాదా, ఆప్‌నార్ చొటి!" అని నా రెండో చెప్పు ఎత్తి చూపించేదాకా నాకు తెలియలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రిటైరయ్యేటప్పుడు పరీక్షలు చేసి షుగర్ ఉందన్నారు, ఏదో కాగితం ఇచ్చారు. తెలుగు అక్షరాలే నాకు యాభై దాటాక పైడమ్మ నేర్పింది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివించుకోవడానికి సిగ్గుపడి పెట్టె అడుగున పెట్టేశాను. టీలో ఒక చెంచా పంచదార తగ్గించాను. అదే వైద్యం అనుకున్నాను.

ఏడో బిళ్ళ పెట్టిన వారానికి, ముందుగది నుంచి కుళాయి దాకా నేల మీద ఎర్ర మచ్చలు చూసింది పైడమ్మ.

"ఇక్కడ సేపలు కోసినదెవరు?" అంది. తరవాత నా కాలు పట్టుకుని తిప్పింది.

కుడికాలి బొటనవేలు కింద చర్మం గట్టిపడి, మధ్యలో శనగగింజంత గుంట. నేను చేసిన పెడల్ అంచును ఆకురాయితో రాసి నున్నగా చెయ్యలేదు. ఆ పదును రోజూ కోస్తూనే ఉంది. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేనిది రోగమేమిటని పసుపు అద్దుకుని నాలుగు రోజులు తిరిగాను.

నాలుగో రోజు వేడినీళ్ళలో కాలు పెట్టుకు కూర్చున్నాను. హాయిగానే ఉంది. పైడమ్మ ఉప్పు కలపబోయి నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఓలమ్మో! సెయ్యి కాలిపోతంది, కాలు తియ్యవయ్యా!" అని కేక పెట్టింది. తెల్లారేసరికి పాదమంతా బొబ్బలు. వేలు నల్లబడింది. గదిలో వాసన మొదలైంది.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రాడే. కళ్ళు మూసుకోమని, నైలాన్ దారంలాంటిదానితో అరికాలు పొడుస్తూ "లగా?" అని అడిగాడు. ఏమీ తగలలేదు. తరవాత రెండు కొమ్ముల ఇనప ఫోర్కు ఒకటి మోగించి నా కాలివేలి మీద ఆనించాడు. వర్క్‌షాపులో చక్రాన్ని సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు పట్టేవాళ్ళం. ఆ ఫోర్కు మోత నా చెవికి వినిపిస్తోంది. కాలికి దాని అదురు తెలియడం లేదు. నాకు అప్పుడు భయం వేసింది.

"న్యూరోపతీ. షుగర్‌కి నరాలు మొద్దుబారిపోయాయి. ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు డాక్టరు.

"నాలుగు రోజులు," అన్నాను.

కల్పన బ్యాగు తెరిచి, నేను అదనంగా పెట్టిన రబ్బరు బిళ్ళలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. బయలుదేరే ముందు విప్పి తెచ్చిందట. బ్రేకు మెత్తబడిందని నెలకొకటి పెట్టాడని, బ్రేకు ఎప్పుడూ బాగానే ఉందని బెంగాలీలో చెప్పింది. డాక్టరు లెక్కపెట్టాడు, ఏడు.

"ఏడు నెలలు," అన్నాడు. "మెషిన్ ఠీక్ హై, దాదా." మెషిన్ బాగానే ఉందట.

ఎక్స్‌రేలో కుళ్ళు ఎముకకు పాకిందని తేలింది. దాన్ని ఆస్టియోమయలైటిస్ అన్నారు. వేలు తీసెయ్యాలి, ఆగితే పాదం, ఇంకా ఆగితే మోకాలి కింద దాకా.

"నొప్పే లేదు కదా, కొయ్యడం ఎందుకు?" అని హిందీలో అడిగాను.

"దర్ద్ నహీ హై, ఇసీలియే," అన్నాడు. నొప్పి లేదు, అందుకే.

సంతకం పెట్టాను. బొటనవేలు తీశారు. అయిదో రోజు జ్వరం వచ్చింది, కాలు ఎర్రగా పైకి వాచింది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి డిబ్రైడ్‌మెంట్ అని కుళ్ళిన కండ చెక్కేసి, పక్క వేలు, దాని వెనక ఎముక కూడా తీసేశారు. "ఈసారి పాదం నిలిచింది. వచ్చేసారి మాట ఇవ్వలేను," అన్నాడు డాక్టరు. మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపనివ్వలేదు. పైడమ్మ ఇన్సులిన్ సూది వెయ్యడం నేర్చుకుంది. "నీకు అచ్చరాలు నేర్పినాను, ఇప్పుడు సూదులు కూడా నా సేతే. ఇంకేటి మిగిల్నాయి?" అంటుంది.

ఇప్పుడు మూడు వేళ్ళతో, ప్రత్యేకంగా కుట్టించిన బూటుతో నడుస్తున్నాను. రేసు బండి కల్పనదే. నేను ఎక్కను.

రోజూ పొద్దున్నే ఆఫీసు బస్సుకు ముందు కల్పన నన్ను కళ్ళు మూసుకోమని, ఎడమ అరికాలికి దూది తాకించి "తెలిసిందా?" అని అడుగుతుంది. పోయిన వారం అలాగే అడిగింది.

"తెలిసింది," అన్నాను.

"నేనింకా ముట్టుకోలేదు నాన్నా," అంది.

ఆ రోజు బస్సు వదిలేసి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎడమకాలు కూడా మొదలైందన్నారు.

షుగర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ పాదాలు రోజూ ఇంకొకరి కళ్ళకు చూపించుకోండి, వేడినీళ్ళు ఇంకొకరి చేతితో పరీక్ష చేయించుకోండి. తెలిసిందా అని అడిగితే, తెలియకపోతే తెలియలేదనే చెప్పండి. బిడ్డ భయపడుతుందని నేను అబద్ధం చెప్పాను. చెప్పేటప్పుడు అది నాకు అబద్ధంలా కూడా అనిపించలేదు.