ఒకడా, ఒకటా

మొన్న మా బడి స్టాఫ్ రూములో లెక్కల టీచరు జలుబు చేసిందని నీలగిరి తైలం సీసా మూత తీసింది. ప్రొద్దుటూరు ఎండకు కాగిపోయే రేకుల గది అది. క్షణంలో వాసన మూలమూలకూ పాకింది. పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్న నా చేయి దానంతటదే ఆగిపోయింది. మా జమ్మలమడుగు జ్ఞానరత్నం అయ్యగారు గదిలోకి వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. ఆయన మోకాళ్ళకు రోజూ ఆ తైలమే రాసుకునేవారు. చర్చిలో ఆయనకంటే ముందు ఆ వాసన వచ్చేది, వెనక వరుసలో గుసగుసలాడే మేము సర్దుకుని కూర్చునేవాళ్ళం. "ఏమైంది, అట్లా కూర్చున్నారు?" అని లెక్కల టీచరు అడిగితే "మా అయ్యగారు" అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది. ఆయన్ను ఎన్నడూ చూడనివాళ్ళకు ఆయన ఎట్లాంటి మనిషో చెప్పాలని ఆ పూటంతా ఒకటే ఆరాటం. ఆయన లేకపోతే ఈరోజు నాకు ఈ సంసారమూ లేదు, నా తెలుగూ ఇట్లా ఉండేది కాదు.

మా మిషను సంఘాల్లో పాస్టరును అయ్యగారు అనడం అలవాటు. జ్ఞానరత్నం అయ్యగారు రిటైరయ్యాక కూడా ఊరు వదిలిపోలేదు. పాత మిషను ఆసుపత్రి వెనక వీధిలో అద్దె ఇంట్లో ఉంటూ, ఆదివారం సాయంత్రాలు వరండాలో చాప పరిచి సంఘ చరిత్ర చెప్పేవారు. ఒక దర్జీ, ఒక ఆర్టీసీ కండక్టరు, పల్లెల్లో వాక్యం చెప్పే ఒకరిద్దరు, మా అమ్మ, డిగ్రీ చదువుతున్న నేను, ఇదీ ఆయన తరగతి. నేను భక్తి ఎక్కువై పోలేదు. ఇంట్లో ఉంటే గిన్నెలు నా మీద పడతాయి, అక్కడైతే టీ, బొరుగులు పెడతారు.

ఒకరోజు నాలుగో శతాబ్దం మొదలుపెట్టారు. అలెగ్జాండ్రియా అనే రేవు పట్టణంలో ఒక సంఘపెద్ద, ఉపవాసాలతో చిక్కిపోయిన పొడుగాటి మనిషి, ఒక ప్రశ్న వేశాడట. దేవుడు ఒక్కడే అయినప్పుడు ఆయన కన్న కుమారుడు ఆయనతో సమానం ఎట్లా అవుతాడు? కన్నాక కదా కొడుకు, అంతకుముందు లేనట్టే కదా? ఆ మాటలు పాటలై రేవులో మూటలు మోసేవాళ్ళ నోళ్ళలో కూడా ఆడాయట. తర్వాత చక్రవర్తి నైసియా అనే ఊళ్ళో బిషప్పులందరినీ కూర్చోబెట్టడం, కుమారుడూ తండ్రీ ఒకే తత్వం అని సభ తేల్చడం, ఆ పెద్ద ఓడిపోవడం మాకు ముందే తెలుసు. మా సంఘం నమ్మేది ఆ సభ చెప్పిందే. అయితే అయ్యగారు ఆ సాయంత్రమంతా ఓడిపోయినవాడి పక్షాన మాట్లాడారు. మాట్లాడుతుంటే ఆయన కళ్ళు తడిశాయి కూడా.

కండక్టరుకు ఓపిక పోయింది. "ఏందయ్యగారూ, మీరు యా పక్క ఉండారు?" అన్నాడు.

"నేను నైసియా పక్కనే ఉండానప్పా. ఐతే ఆయప్ప మాటను ఆయప్ప చెప్పినట్టే చెప్పల్ల గదా. ఆయప్పే ఇప్పుడీడికొచ్చి కూర్చుంటే, 'అదే, నేననింది అదే' అనల్ల. అట్ల చెప్పినాక కాదను. అంతవరకు నువ్వు కాదంటాండేది ఆయప్పను గాదు, నీ తలకాయలో ఉండే ఇంకెవరినో."

అదే మా వరండా నియమం. ఎవరిదైనా తప్పు అనాలంటే ముందు వాళ్ళ మాటను వాళ్ళచేత "అదే" అనిపించేలా చెప్పాలి. ఈ నియమం వల్ల సగం తగువులు మొదలే కాలేదు. ఎదుటివాడి మాట తిన్నగా చెప్పబోయి చాలామంది మధ్యలోనే చల్లబడిపోయేవారు.

"ఆ కాలంలో ఎవరూ ఇట్ల చేయలేదా అయ్యగారూ?" అని నేను అడిగాను.

ఆయన మోకాలు రుద్దుకుంటూ నవ్వారు. "శానా ఏండ్లు కొట్టుకున్యారు మ్మా. ఒకరి చర్చి ఇంకొకరు లాక్కున్యారు, ఊర్లనుంచి తరుముకున్యారు. అంగట్లో రొట్టె ధర అడిగితే, తండ్రి పెద్ద, కుమారుడు చిన్న అని జవాబు చెప్పేటోళ్ళంట. శానాసార్లు తరమబడిన ఒక ముసలి బిషప్పు ఇంటికొచ్చి చూస్తే, తన వాళ్ళలోనే రెండు గుంపులు. ఒకరు దేవునిలో మూడు అంటాండారు, ఒకరు ఒకటి అంటాండారు. ఆయప్ప రెండు గుంపుల్నీ పిలిచి, ఆ మాటతో మీరు ఏం చెప్పాలనుకుంటాండారు అని అడిగినాడు. చెప్పినాక చూస్తే ఇద్దరి మనసులో ఉండేదీ ఒకటే. అడిగినాడు మ్మా, అంతే ఆయప్ప చేసింది."

నేను బి.ఎడ్. చేసి ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. అక్కడే సోషల్ చెప్పే దానియేలు పరిచయం. ఒకరికొకరం నచ్చాం, ఇళ్ళలో చెప్పాం. వాళ్ళది పులివెందుల. వాళ్ళ నాన్న ఓబులేసు గొర్రెలు కాసే కుటుంబంలో పుట్టి, నడివయసులో విశ్వాసి అయినవాడు. పేరు మాత్రం పాతదే ఉంచుకున్నాడు. వాళ్ళు వెళ్ళే సంఘం మాలాంటిది కాదు. యేసు ఒక్కడే దేవుడు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి ఆ ఒక్కడి పేర్లే తప్ప ముగ్గురు లేరు అని వాళ్ళ నమ్మకం. బాప్తిస్మం కూడా యేసు పేరున మాత్రమే ఇస్తారు.

పెళ్ళిచూపుల్లాంటిది వాళ్ళ ప్రార్థన కూటంలోనే జరిగింది. నన్ను ప్రార్థన చేయమన్నారు. మా స్కూల్లో ఎల్.కె.జి. పిల్లవాణ్ణి కూడా "మీరు" అనాలని రూలు. రోజంతా ఆ మర్యాదలోనే నానిపోయిన నోరు నాది. దేవుణ్ణి నీవు అని పిలవడం మా అందరి వాడుక అని తెలిసి కూడా, కంగారులో "తండ్రీ, మీరు మా మధ్య ఉన్నారు, మీరే మమ్మల్ని నడిపిస్తున్నారు" అనేశాను. ముగించాక ఎవరూ ఆమెన్ అనలేదు. వాళ్ళ పాస్టరు ఓబులేసు వైపు వంగి, నాకు వినబడేటట్టే, "'ఉన్నారు' అంటాంది పాప. ఎంతమంది ఉండారో అడుగు" అన్నాడు. నేనన్నది మర్యాదకు, అంతే. తెలుగు మీద పట్టుందని మురిసిపోయే నన్ను తెలుగే ముంచింది.

ఓబులేసు కోప్పడలేదు. అదే నాకు ఇంకా కష్టమైంది. "నేను శానా మంది దేవుళ్ళకు మొక్కినోన్ని మా," అన్నాడు. "ఒకరికి తక్కువ చేస్తే ఒకరికి కోపమొస్తాదని బయపడి చచ్చినా. ఒక్కడే అని తెలిసిన పొద్దు నాకు నిద్ర పట్టింది. ఇప్పుడు మళ్ళా లెక్క పెంచలేను. నువ్వు మా ఇంటికి రావల్లంటే యేసు పేరున ఇంకోసారి బాప్తిస్మం తీసుకో."

జమ్మలమడుగు వచ్చి ఈ మాట చెబితే మా అమ్మ కుట్టుమిషను ఆపింది. "నీకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు నిన్ను చేతుల్లో పట్టుకోని నిలబడింది మీ నాయిన. నీకు ఊహ తెలిసేసరికే పాయె ఆయన. ఆయప్ప నీకని చేసిన పని అదొక్కటే మిగిలింది. అది చెల్లదని ఇంకోసారి తీసుకుంటే, ఆ పెండ్లికి నేను రాను" అంది. ఆమె అన్నదంటే అన్నదే. దానియేలును వదులుకోలేను, నాన్న చేతులనూ వదులుకోలేను. ఏడ్చి ఏడ్చి అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన మా సంఘం మనిషి, నా వైపే గట్టిగా మాట్లాడతారని ధీమా.

"ఓబులేసప్ప ఏమన్యాడో చెప్పు" అన్నారు.

"తండ్రీ లేడు, ఆత్మా లేడు అంటారు అయ్యగారూ."

"ఆయప్ప అనింది అదేనా?"

కాదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మొక్కులు, భయం, నిద్ర పట్టడం, అన్నీ చెప్పాను. అయ్యగారు మోకాలు రుద్దుకుంటూ విన్నారు. తర్వాత "ఆయప్ప నిద్ర మనం చెడగొట్టగూడదు" అన్నారు. చేయి ఊని లేస్తూ, "పోదాం పా, పులివెందులకు" అన్నారు.

అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని, ముద్దనూరు మీదుగా బస్సులో, ఆ మోకాళ్ళతో వచ్చారు. ఓబులేసు ఇల్లు ఊరి చివర, చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, మొదలయ్యే చోట. వాళ్ళ పాస్టరు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దానియేలు గడప దగ్గర నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. అయ్యగారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "ఓబులేసప్పా, నీ మాట నేను చెప్తా. సరిగ్గా చెప్తాండానో లేదో చూడు" అన్నారు.

"నీకు శానా కాలానికి ఒక్క దేవుడు దొరికినాడు. సిలువ మీద మనకోసం ప్రాణమిచ్చినోడు ఆ దేవునికంటే తక్కువోడంటే నీకు మనసొప్పదు. ఆయన ఇంకొక దేవుడంటే అసలే ఒప్పదు. అందుకని ఆ దేవుడే ఈయన, ఈయనే ఆ దేవుడు అంటాండావు. ఇది కొత్త మాట గాదప్పా. నైసియాకు ముందే రోములో ఇట్ల నమ్మినోళ్ళు ఉండారు. వాళ్ళు చెడ్డోళ్ళు గాదు. దేవుడు ఇద్దరైపోతాడేమో అని బయపడినోళ్ళు."

ఓబులేసు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అదే," అన్నాడు మెల్లగా. "అదే అయ్యగారూ." వాళ్ళ పాస్టరు కూడా తలూపి, ఊపినందుకు నొచ్చుకున్నట్టు కిటికీ వైపు తిరిగాడు.

"ఇప్పుడు మా మాట నువ్వు చెప్పు."

"మీకు ముగ్గురు దేవుళ్ళు."

"అది గాదప్పా."

"ఒక దేవునికి మూడు తలకాయలు."

"అదీ గాదు." ఆ గంభీర వాతావరణంలోనూ మా అమ్మకు నవ్వు ఆగలేదు.

అయ్యగారు ఎప్పుడూ పోలికలు చెప్పేవారు కాదు. నీళ్ళు, మంచు, ఆవిరి అని ఎవరైనా మొదలుపెడితే చేయి అడ్డం పెట్టేవారు. ఆ రోజు కూడా చెప్పలేదు. "'నేనూ నా కొడుకూ ఒకటే' అంటావా లేదా నువ్వు?" అని అడిగారు.

"అంటా."

"'నేనూ నా కొడుకూ ఒకడే' అంటావా?"

"ఎట్లంటా? వాడు వేరే, నేను వేరే."

"తానూ తండ్రీ ఏకమని ప్రభువు చెప్పిన కాడ, గ్రీకులో ఉండే మాట ఒకడు గాదు, ఒకటి. మనకు మాదిరే వాళ్ళకూ ఆ తేడా ఉండాది. మా పాతోళ్ళు ఆ మాటను పట్టుకోనే ఏలాడినారు."

"మాట అట్లుండాదని దేవుడు అట్లుంటాడా అయ్యగారూ?"

"మాట మనది, దేవుడు మన మాటలో పట్టడు. నేను నిన్ను నమ్మమంటాండానా? మేమేం అంటాండామో చెప్పమంటాండా."

ఓబులేసు లేచి దొడ్డిలోకి పోయాడు. ఒక గొర్రెపిల్ల మెడకు చుట్టుకున్న తాడు విప్పుతూ తనలో తనే ఏదో అనుకుంటున్నాడు. తిరిగొచ్చి నిలబడే చెప్పాడు. "ముగ్గురు ఉండారు. గానీ మూడు లేవు. ఉండేది ఒకటే. ముగ్గురే గానీ మూడు గాదు. ఇదేనా మీరనేది?"

 మనుషులైతే ముగ్గురు, వస్తువులైతే మూడు. మాటలు నేర్చే పిల్లలకు కూడా తెలిసిన తేడా అది. రోజూ పిల్లలకు పాఠం చెప్పే నాకు అందులో ఇంత చోటుందని ఎన్నడూ తోచలేదు. అయ్యగారు "అదే" అన్నారు. 

"నేనైతే నమ్మను అయ్యగారూ."

"తెలుసప్పా."

"ఐతే పిచ్చి మాట గాదు." తర్వాత మా అమ్మ వైపు తిరిగాడు. "నువ్వెందుకు మా, ఇంకోసారి వద్దంటాండావు?"

బయల్దేరినప్పటి నుంచి ఎవరూ ఆమెను అడగని ప్రశ్న అది. అమ్మ నాన్న సంగతి చెప్పింది. చర్చిలో ఆయన చేతులు వణికాయని, బిడ్డ జారిపోతుందేమోనని తాను కొంగు కింద పట్టుకుని నిలబడ్డానని చెప్పింది. ఆ మాట నేనూ అదే మొదటిసారి వినడం. ఓబులేసు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "వాళ్ళ నాయిన చేతుల్లో జరిగిందాన్ని నేనెట్ల చెరిపేది? వద్దులే మా. పిల్లను అట్లే పంపించు" అన్నాడు.

వాళ్ళ పాస్టరు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు, పెళ్ళికి రాలేదు. తన పాస్టరు దూరమైన ఆ బాధను ఓబులేసు తనే మోశాడు, ఒక్కసారి కూడా మాకు ఎత్తి చూపలేదు. పెళ్ళి వాళ్ళ ఇంటి ముందే షామియానా కింద జరిగింది. అమ్మ అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. అయ్యగారు ప్రార్థనలో మొదటి నుంచి చివరిదాకా "ప్రభువా" అన్న పిలుపు ఒక్కటే వాడారు. అది రెండిళ్ళలోనూ చెల్లే పిలుపు. అందరూ ఆమెన్ అన్నారు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా మా ఇంట్లో ఆ తగువు తీరలేదు. పండక్కి వెళ్తే నేనూ మామా ఇంటి ముందరి పడసాలలో కూర్చుని వాదించుకుంటాం, దానియేలు విసుక్కుని లోపలికి పోతాడు. మామ తన నమ్మకం ఇసుమంత కూడా మార్చుకోలేదు, నేనూ మార్చుకోలేదు. ఆ వాదన లేకపోతే మాకు పండగ పండగలా ఉండదు.

అయ్యగారు కిందటి వానాకాలంలో పోయారు. సమాధి కార్యక్రమానికి మామ తెల్లారే బస్సెక్కి వచ్చాడు. మిషను చర్చి గేటు అంతకుముందు ఆయన ఎన్నడూ దాటినవాడు కాదు. సమాధి దగ్గర కొత్త అయ్యగారు త్రియేక దేవుని నామంలో దీవెన పలికితే అందరూ ఆమెన్ అన్నారు. నేను ఓరగా మామను చూశాను. తల వంచుకున్నాడు, పెదవులు బిగించే ఉన్నాయి. మన్ను వేసే వంతు వచ్చినప్పుడు మాత్రం ఒక పిడికిలి కాదు, వంగి రెండు చేతులా ఎత్తి వేశాడు.

బస్టాండుకు నడుస్తుంటే, "ఆమెన్ అనలేదు మ్మా నేను" అన్నాడు.

"చూసినా మామా."

"అయ్యగారు బతికున్యా అనుండను. ఆయప్పకు తెలుసు." నాలుగడుగులు వేసి ఆగాడు. "గానీ లేసి పోలేదు మ్మా. కడదాకా ఆడ్నే ఉన్యా."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అయ్యగారి కోసం అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అప్పటి నుంచి బడిలో గానీ, బంధువుల్లో గానీ, నేను ఆమెన్ అనలేని మాట ఎవరైనా అన్నప్పుడు, లేచి వచ్చేద్దామని కాళ్ళు తొందరపడతాయి. అప్పుడు అక్కడే కూర్చుంటాను. మీరన్నది ఏమిటో ఇంకొకసారి చెప్పండి, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకుంటాను అని అడుగుతాను.