ఐప్పసిలో మా మొక్కల పండగ

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మా నాన్న నన్ను చిత్తూరు వైపు నుంచి తీసుకొచ్చి తమిళనాడులోని కనకమ్మ సత్రం అనే ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలాడు. బడిలో అంతా అరవమే. నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు నోరు తెరవడమే మానేశాను.

జూలైలో బడిలో వనమహోత్సవం జరిగింది. జతకొక మొక్క ఇచ్చారు. నాకు జత దొరకలేదు. మిగిలిన కానుగ మొక్కను ఒక్కదాన్నే నాటాను. ఎన్ని నీళ్లు పోసినా ఎండకు మాడిపోయింది. నా చేతిలో ఏదీ బతకదనుకుని పెరట్లో కూర్చుని ఏడ్చాను.

పక్కింటి అక్క గోడ అవతల నుంచి చూసింది. ఆమె బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది.

"నీ తప్పేముంది పాపా? స్వతంత్రం వచ్చిన కొత్తలో ఢిల్లీలో ఒక మంత్రి ఈ పండగ పెట్టినాడంట. ఆడ వానలు ఇప్పుడే పడతాయి. అదే నెలలో దేశమంతా చేస్తా ఉండారు. మనకు వాన దీపావళి నెలలో, ఐప్పసిలో గదా! మన పండగ మనం అప్పుడు చేసుకుందాం" అంది.

ఐప్పసి వచ్చింది, వాన కురిసి వెలిసింది. అక్క వీధి వారన గుంత తవ్వి, మొక్క చేతిలో పెట్టుకుని ఆగిపోయింది.

"నేను పట్టుకుంటానక్కా."

"నువ్వు మన్ను పోయాల. పట్టుకునేదానికి ఇంకో మనిషి గావాల. ఎదురింటి పాపను పిలుచుకొని రా."

"నాకు అరవం రాదే!"

"'పిడిచ్చుక్క వా' అను, సాలు. పట్టుకునేదానికి రమ్మని."

ఆ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఆ మాట అనేశాను. ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే పరుగున వచ్చింది. పిలవకుండానే వాళ్ల తమ్ముడూ వెంటపడ్డాడు.

మరుసటి ఏడు తొలి వానకు మా వీధి పిల్లలే అక్క తలుపు తట్టారు. ఆ తర్వాత పక్క వీధివాళ్లు మొదలుపెట్టారు. నేను పెళ్లై చెన్నై పక్కన ఆవడికి వచ్చేనాటికి ఊరంతటికీ అదొక పండగ.

ఒక మొక్కను నిలబెట్టడానికి అక్కకు ఇంకో మనిషి అక్కర్లేదని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి లేడన్న సంగతి అంతకంటే ఆలస్యంగా తట్టింది.

ఒంటరిగా కూర్చున్న మనిషి కనబడితే ఇప్పటికీ నేను ఓదార్చను. ఏదో ఒక సాయం అడుగుతాను. సాయంత్రాలు ఆవడిలో మా ఇంటి బాల్కనీలో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, నన్ను కూడా ఎవరైనా వచ్చి అడిగితే బాగుండుననిపిస్తుంది.